శెనక్కాయ పడని పాపకు అడ్రినలిన్ పెన్ను: ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్ల పాప, 24 కిలోల బరువు, శెనక్కాయ పడదు. పోయిన మాఘమాసంలో తాడిపత్రిలో బంధువుల పెళ్లిలో గుత్తివంకాయ కూర తిన్న పది నిమిషాలకే ఒంటినిండా దద్దుర్లు, గొంతు బొంగురు, రెండు వాంతులు, ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి పాప తల వాల్చేసింది. ఇప్పుడు మీ మరిది అమెరికా నుంచి వస్తూ రెండు ఎపిపెన్లు (అడ్రినలిన్ మందు నింపి ఉన్న సూది పెన్నులు) తెచ్చిచ్చాడు, ఇక్కడి డాక్టరు చూసి పాప బరువుకు సరిపోతాయి, దగ్గర పెట్టుకోండి అన్నారు, అంతకుమించి వివరంగా చెప్పే తీరిక ఆయనకు లేకపోయింది. ఎప్పుడు వేయాలి, అనవసరంగా వేస్తే గుండెకు ఏమన్నా అవుతుందేమోనని మీ ఆయన భయం, ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర దద్దుర్లకు వేసే అవిల్ సూది వేయించి తర్వాత చూద్దామని మీ అత్తగారి మాట, మన ఎండల్లో పెన్నులు ఎక్కడ దాచాలి. ఇవీ మీ ప్రశ్నలు.

నేను అనంతపురంలో క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా ఇరవై ఒక్క ఏళ్లు పనిచేశాను. పాముకాటుకు విరుగుడు ఎక్కించేటప్పుడు ఒళ్లు తిరగబడినవాళ్లు, కందిరీగలు కుట్టి వచ్చిన రైతులు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడక పడిపోయినవాళ్లు, తిండి పడక వచ్చిన పిల్లలు, ఇలా ఈ రియాక్షన్ చాలాసార్లు చేతుల మీదుగా చూశాను. నేను చెప్పేది ఆ అనుభవంతోనూ, డాక్టర్లు మాకు నేర్పినదానితోనూ. మీ పాప బరువు, ఆస్తమా ఉందా లేదా, ఇవన్నీ తెలిసిన పిల్లల డాక్టరు చెప్పిన మాటే మీకు ఆఖరు మాట, అది గుర్తుపెట్టుకోండి.

ముందు మీ ఆయన భయం సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ భయం ఇంట్లో ఉన్నంతవరకూ పెన్ను బీరువాలోనే ఉంటుంది. అడ్రినలిన్ అనేది బయటి మందు అనుకుంటాం కానీ అది మన కిడ్నీల పైన ఉండే గ్రంథుల్లో రోజూ తయారయ్యేదే, కుక్క వెంటపడితే గుండె దడదడలాడేది దానివల్లనే. మీ దగ్గరున్నవి 15 నుంచి 30 కిలోల పిల్లలకు ఇచ్చేవి, ఒక్కోదాంట్లోంచి 0.15 మిల్లీగ్రాము మందు తొడ కండలోకి పోతుంది. 30 కిలోలు దాటినవాళ్లకు 0.3 మిల్లీగ్రాముది ఉంటుంది. ఆ కొద్ది మందు కండలోకి పోతే ఆరోగ్యంగా ఉన్న పాపకు ఏమవుతుందంటే, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, ముఖం పాలిపోతుంది, తలనొప్పి రావచ్చు, కాసేపు కంగారుగా ఉంటుంది. పది ఇరవై నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. అంతే. అడ్రినలిన్ అంటే గుండె ఆగిపోతుందనే కథలన్నీ ఎక్కడినుంచి వచ్చాయంటే, అదే మందును పలచన చేయకుండా నేరుగా నరంలోకి తోసినప్పుడు జరిగే ప్రమాదాల నుంచి. నరంలోకి ఇవ్వడం వేరే పని, మానిటర్ పెట్టి, అలవాటున్న డాక్టరు చేసే పని. తొడ కండలోకి ఇవ్వడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి భయపడేవాళ్లు ఆసుపత్రుల్లో కూడా ఉన్నారు, ఇంక ఇంట్లోవాళ్లను ఏమనాలి. గుండె జబ్బున్న పెద్దవాళ్ల విషయంలో డాక్టరు ముందే ఆలోచించి చెప్తారు, అయినా ప్రాణం మీదికి వచ్చిన అలర్జీలో వాళ్లకు కూడా అడ్రినలిన్ ఇవ్వకూడదనే నిబంధన లేదు.

ఇప్పుడు అత్తగారి మాట. ఆమె చెడ్డగా ఏమీ అనలేదు, మన ఊళ్లల్లో ఒంటి మీద దద్దుర్లు లేస్తే అవిల్, డెక్సా అని అందరికీ నోటికొచ్చు. దద్దుర్లు, దురద వరకే అయితే అవి పనికొస్తాయి కూడా. కానీ పాపకు ఆ రోజు జరిగింది ఉత్త దద్దుర్లు కాదు, దాన్ని అనఫిలాక్సిస్ అంటారు. అప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందంటే, అలర్జీ కణాలు ఒక్కసారిగా హిస్టమిన్‌తో పాటు ఇంకా ఎన్నో రసాయనాలను కుమ్మరిస్తాయి, రక్తనాళాలు వదులైపోతాయి, వాటిలోంచి నీరు బయటికి ఊరుతుంది, అందుకే పెదవులు, నాలుక, గొంతు ఉబ్బుతాయి, బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోతాయి. అవిల్ అడ్డుకునేది ఒక్క హిస్టమిన్‌నే. మిగతావాటి జోలికి పోదు, పడిపోయిన బీపీని లేపదు, మూసుకుపోతున్న గొంతును తెరవదు. డెక్సామెథసోన్, హైడ్రోకార్టిసోన్ లాంటి స్టెరాయిడ్లు పనిచేయడం మొదలుపెట్టడానికే గంటలు కావాలి. అడ్రినలిన్ ఒక్కటే రక్తనాళాలను బిగించి వాపు తగ్గిస్తుంది, గుండెకు బలమిస్తుంది, ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది, పైగా ఆ అలర్జీ కణాలు ఇంకా కుమ్మరించకుండా ఆపుతుంది. నాలుగు పనులూ నిమిషాల్లో.

బ్రిటన్‌లో ఇలా చనిపోయినవాళ్ల వివరాలన్నీ పరిశీలించి చూస్తే, తిండివల్ల అయిన కేసుల్లో గుండె ఆగడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 30 నిమిషాలు, తేనెటీగ, కందిరీగ కుట్టినవాళ్లలో 15 నిమిషాలు, ఇంజెక్షన్ మందులవల్ల అయినవాళ్లలో 5 నిమిషాలు అని తేలింది. మీ ఊరి నుంచి ఆర్‌ఎంపీ ఇంటికి పోయి, ఆయన ఉంటే సూది వేయించుకుని, తగ్గుతుందేమోనని అరుగు మీద కూర్చుని, తగ్గకపోతే బండి మాట్లాడుకుని అనంతపురం బయల్దేరితే ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి. తాడిపత్రి నుంచి ఇక్కడికి గంట పైమాటే కదా.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, పేరు అనవసరం. ఒక రాత్రి పదకొండేళ్ల పిల్లవాణ్ని తెచ్చారు, జ్వరానికి ఎక్కడో ఇంజెక్షన్ వేయించారట, వచ్చేసరికి ఒళ్లంతా ఎర్రగా ఉంది, దగ్గుతున్నాడు, "గొంతులో ఏదో ఇరుక్కుంది సిస్టర్" అన్నాడు. డాక్టరు ఫోన్లో అవిల్, హైడ్రోకార్టిసోన్ చెప్పారు, వేశాను. పల్స్ అందీ అందనట్టు ఉంది, నాకు లోపల తెలుస్తూనే ఉంది ఇది మామూలుది కాదని, కానీ అడ్రినలిన్ అడగడానికి భయం వేసింది, కొత్త నర్సును, నేనేం చెప్పేది అని ఊరుకున్నాను. పావుగంట పోయింది. అప్పుడు డాక్టరు వచ్చి చూసి అడ్రినలిన్ ఇచ్చారు. పిల్లవాడు బతికాడు, కానీ మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు, వేరే ఊరికి పంపాల్సి వచ్చింది. వాళ్లమ్మ వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది నాకిప్పటికీ కనపడుతుంది. ఆ పావుగంట నాది. ఆ తర్వాత నేను ఏ వార్డులో ఉన్నా అడ్రినలిన్ ఆంపూల్, అంటే మందుండే చిన్న గాజు సీసా, ట్రేలో ఎక్కడుందో చూసుకోకుండా డ్యూటీ మొదలుపెట్టలేదు.

సరే, ఎప్పుడు వేయాలి. పాప శెనక్కాయ తిన్నా, తిన్నట్టు అనుమానం ఉన్నా, ఒంటి మీద నాలుగు దద్దుర్లు మాత్రమే లేచి, పాప మామూలుగా మాట్లాడుతూ ఆడుకుంటుంటే పెన్ను చేతిలో పట్టుకుని పక్కనే కూర్చోండి, డాక్టరు రాసిచ్చిన సెట్రిజిన్ ఇవ్వండి, కళ్లు మాత్రం పాప మీద నుంచి తీయొద్దు. దద్దుర్లతో పాటు ఇంకొకటి ఏదన్నా కలిస్తే, అంటే గొంతు మారడం, అదేపనిగా దగ్గు, ఊపిరిలో ఈల, మింగలేకపోవడం, నాలుక ఉబ్బడం, ఆగకుండా వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, తల తిరగడం, సోలిపోవడం, ఇందులో ఏ ఒక్కటి దద్దుర్లకు తోడైనా పెన్ను వేసేయండి. దద్దుర్లు అసలు లేకపోయినా సరే, శెనక్కాయ తిన్న కాసేపటికి ఊపిరి ఆడకపోయినా, పాప పాలిపోయి వాలిపోయినా వేసేయండి. ఇది చాలామంది పొరబడే చోటు. పదిమందిలో ఒకరిద్దరికి చర్మం మీద ఏమీ కనపడదు, నేరుగా ఊపిరి, బీపీ మీదికే వస్తుంది.

చిన్నపిల్లలు మనలా చెప్పలేరు. "నాలుక మీద చీమలు పాకుతున్నట్టుంది", "గొంతులో వెంట్రుక ఉంది", "అమ్మా, నాకేదో అవుతోంది" అంటారు. ఆ చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పెద్దవాళ్లు కూడా క్యాజువాలిటీ బల్ల మీద చేయి గట్టిగా పట్టుకుని నేను చచ్చిపోతున్నా అంటారు, అలా అన్న ఒక్కరి విషయంలో కూడా అది ఉత్త భయమని తేలింది నేను చూడలేదు. కొందరు పిల్లలు నాలుక గోక్కుంటారు, గొంతు పట్టుకుంటారు, ఉన్నట్టుండి ఆట మానేసి ఒడిలో ముడుచుకుంటారు. మీ పాప ఎలా ఉంటుందో మీకు తెలుసు, తేడా మీకే ముందు తెలుస్తుంది. వేయాలా వద్దా అనే అనుమానం వచ్చిందంటే వేయడమే మంచిది, అనవసరంగా వేస్తే కాసేపు దడ, అవసరమైనప్పుడు వేయకపోతే ఏమవుతుందో మీరు ఆటోలో చూశారు.

ఎలా వేయాలో ఇప్పుడు నిదానంగా చదవండి, వీలైతే మీ ఆయన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. పాపను ముందు పడుకోబెట్టండి. పెన్నును ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి తీసి, పిడికిలిలో కర్ర పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నారింజ రంగు కొన కిందికి, నీలం మూత పైకి. సూది వచ్చేది నారింజ రంగు వైపు నుంచి. ఇది తిరగేసి పట్టుకుని, నీలం వైపే సూది ఉందనుకుని, నారింజ కొన మీద బొటనవేలు పెట్టి నొక్కినవాళ్లు ఉన్నారు, మందంతా వేలిలోకి పోతుంది, వేలు తెల్లబడి చల్లబడుతుంది, అప్పుడు తల్లికి కూడా ఆసుపత్రి కావాలి, పాపకు మందూ అందదు. అందుకే ఏ కొన మీదా వేలు పెట్టొద్దు, పిడికిలి అంటే పిడికిలే. ఇంకో చేత్తో నీలం మూతను పక్కకు వంచకుండా నిటారుగా పైకి లాగేయాలి. అది తీయనంతవరకూ పెన్ను పనిచేయదు.

తర్వాత తొడ బయటి వైపు, తుంటికీ మోకాలికీ సరిగ్గా మధ్యలో, నారింజ కొనను ఆనించి టక్ అని శబ్దం వచ్చేదాకా గట్టిగా నొక్కాలి, అలాగే నొక్కిపట్టి నిదానంగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి తీయాలి. పిరుదు మీద వేయకూడదు, చేతికి వేయకూడదు, నరం వెతకకూడదు. తొడే ఎందుకంటే అక్కడ కండ పెద్దది, రక్తప్రసరణ ఎక్కువ. పిల్లల మీద చేసిన ఒక పరీక్షలో తొడ కండలోకి ఇచ్చిన అడ్రినలిన్ సుమారు 8 నిమిషాల్లో రక్తంలో పూర్తి స్థాయికి చేరితే, చర్మం కిందికి ఇచ్చినది చేరడానికి 34 నిమిషాలు పట్టింది. మందు అదే, చోటు మారితే ఇంత తేడా. బట్టలు విప్పే పని లేదు, గౌను మీద నుంచీ, లెగ్గింగ్ మీద నుంచీ, జీన్స్ మీద నుంచీ కూడా సూది పోతుంది, జేబులో ఏమన్నా ఉంటే తీసేయండి, లావు కుట్టు తగలకుండా చూసుకోండి. పట్టులంగా కుచ్చిళ్లు నాలుగైదు పొరలుంటే మాత్రం ఒక్కసారి పైకి జరపండి, పెళ్లిళ్లలో మన పిల్లల ఒంటి మీద ఉండేది అదే కదా.

ఒక విషయం ఎవరూ చెప్పరు. పిల్లలు సూదికి భయపడి కాలు విదిలిస్తారు. సూది లోపల ఉండగా కాలు జరిగితే తొడ చీరుకుపోతుంది, సూది వంగిపోతుంది. కాబట్టి పెన్ను ఆనించే ముందే పాప కాలును మీ మోచేత్తో గానీ మీ ఆయన చేత్తో గానీ గట్టిగా కదలకుండా పట్టుకోవాలి. "ఒక్క నిమిషం బంగారూ, మూడు లెక్కపెడతా, అయిపోతుంది" అని పాపతో చెప్తూనే పట్టుకోండి. తీశాక నారింజ కొన పొడవుగా సాగి సూదిని కప్పేస్తుంది, అలా సాగిందంటే మందు పోయినట్టే. పెన్ను లోపల ఇంకా చాలా మందు మిగిలి ఉన్నట్టు కనపడుతుంది, అది దాని తయారీయే అంత, మందు పోలేదనుకుని అదే పెన్నును రెండోసారి పొడవడానికి చూడకండి, పనిచేయదు. వేసిన టైము అరచేతి మీద గానీ ఫోన్లో గానీ రాసుకోండి, ఆసుపత్రిలో మొదటి ప్రశ్న అదే. ఇంకో కంపెనీ పెన్నయితే రంగులు, లెక్క వేరుగా ఉంటాయి, ఉదాహరణకు జెక్స్ట్ అనే దాంట్లో సూది వచ్చేది నల్ల కొన నుంచి, పసుపు మూత తీయాలి, పది లెక్కపెట్టాలి. మీ మరిది వచ్చే ఏడాది వేరేది పంపితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

పెన్ను వేసిన వెంటనే 108కి ఫోన్. "అలర్జీ, ఊపిరాడలేదు, అడ్రినలిన్ ఇచ్చాం" అని ముక్కుసూటిగా చెప్పండి. అంబులెన్స్ వచ్చేదాకా పాప పడుకునే ఉండాలి, కాళ్ల కింద దిండ్లు పెట్టి ఎత్తు చేయండి. ఊపిరి ఆడక పడుకోలేకపోతుంటే గోడకు ఆనించి కాళ్లు చాపి కూర్చోబెట్టండి, వాంతులవుతుంటే ఎడమ పక్కకు తిప్పండి. లేపి నిలబెట్టొద్దు, నడిపించొద్దు, భుజాన వేసుకుని నిటారుగా పరుగెత్తొద్దు. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, బీపీ పడిపోయి ఉన్నప్పుడు ఒక్కసారిగా లేపితే గుండెకు రక్తం తిరిగిరాదు, ఆ క్షణంలోనే గుండె ఆగినవాళ్లున్నారు. మనవాళ్లు ప్రేమతో చేసే మొదటి పని బిడ్డను ఎత్తి భుజాన వేసుకోవడం. మీ ఇంట్లో అందరికీ ఈ ఒక్క మాట ముందే చెప్పిపెట్టండి. నోట్లో నీళ్లు పోయడం, మజ్జిగ తాగించడం, వాంతి చేయించాలని గొంతులో వేలు పెట్టడం ఏమీ వద్దు.

ఐదు నిమిషాలు చూసి తగ్గకపోతే, లేదా తగ్గి మళ్లీ ఎక్కువవుతుంటే, రెండో పెన్నును ఇంకో తొడకు వేయండి. అందుకే రెండు తెచ్చాడు మీ మరిది, మంచి పని చేశాడు, ఒకటి బడిలో ఒకటి ఇంట్లో అని విడదీయకండి, రెండూ కలిపే పాప ఎక్కడుంటే అక్కడ ఉండాలి. పాప పూర్తిగా తేరుకుని నవ్వుతున్నా ఆసుపత్రికి పోవాల్సిందే. మందు పని అరగంట, గంటలో తగ్గిపోతుంది, రియాక్షన్ కొన్ని గంటల తర్వాత, ఏమీ తినకుండానే, మళ్లీ తిరగబడొచ్చు. కనీసం ఐదారు గంటలు అక్కడే ఉంచమని అడగండి, మొదటిసారి తీవ్రంగా వచ్చినా, రెండో డోసు పడినా, ఇల్లు దూరమైనా ఆ రాత్రికి ఉండిపోవడం మేలు. పాపకు ఆయాసం ఉందా లేదా మీరు రాయలేదు. ఉంటే దాన్ని అదుపులో పెట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం, ఈ రియాక్షన్‌తో పోయినవాళ్లలో ఆస్తమా సరిగా అదుపులో లేనివాళ్లు ఎక్కువ. ఇన్హేలర్ అడ్రినలిన్‌కు బదులు కాదు, పెన్ను వేశాక ఇన్హేలర్ ఇవ్వొచ్చు.

ఎండ సంగతి. పెన్ను పెట్టె మీద 20 నుంచి 25 డిగ్రీల్లో ఉంచమని, ప్రయాణాల్లో 15 నుంచి 30 దాకా ఫరవాలేదని ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఇంటి లోపలే ముప్పై దాటుతుంది, బయట నలభై పైన. ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది కదా అంటారు, పెట్టొద్దు, చల్లదనానికి లోపలి యంత్రం మొరాయించొచ్చు. కిటికీ మీద వద్దు, పొయ్యి గట్టు మీద వద్దు, బండి డిక్కీలో, కారు ముందరి అరలో అసలే వద్దు, మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు లోపల వేడి గాలికి మందు తొందరగా చెడిపోతుంది. ఇంట్లో అందరికంటే చల్లగా ఉండే గది, అటక కాకుండా కింది అర, వెలుతురు తగలని డబ్బా. బయటికి పోయేటప్పుడు అన్నం వేడిగా ఉండటానికి వాడే దళసరి లంచ్ బ్యాగు లోపల చలువ కోసం ఒక చల్లటి నీళ్ల సీసా, దాని పక్కన గుడ్డలో చుట్టిన పెన్నులు, ఐసు నేరుగా తగలకుండా. నెలకొకసారి పెన్ను మీది చిన్న కిటికీలోంచి మందును వెలుతురులో చూడండి. నీళ్లలా తేటగా ఉండాలి. గోధుమరంగు తిరిగినా, నలకలు కనపడినా మార్చాల్సిందే. గడువు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరే ఉంటుంది. గడువు దాటిందని ఊరికే పారేయకండి, కొత్తది చేతికి వచ్చేదాకా ఉంచండి, ప్రాణం మీదికి వచ్చిన రోజు వేరే గతి లేకపోతే తేటగా ఉన్న పాత పెన్ను వేయడం, ఏమీ వేయకపోవడం కంటే ఎంతో మేలు.

ఇక మీ మరిది తేలేని రోజు సంగతి. మన దగ్గర ఈ పెన్నులు మెడికల్ షాపులో అడిగితే దొరికేవి కావు, తెప్పించుకుంటే ధర సామాన్యులు భరించేది కాదు. కానీ అందులో ఉన్న మందు మాత్రం ప్రతి ఆసుపత్రి ట్రేలో ఉండే చవకైన ఆంపూలే, 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము. ఆంపూల్, 1 మిల్లీలీటరు సిరంజి, అంగుళం సూది ఇంట్లో ఉంచుకోమని డాక్టర్లు కొందరు తల్లిదండ్రులకు నేర్పిస్తారు. కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్క, కానీ మీ పాపకు సిరంజిలో ఏ గీత దాకా తీయాలో డాక్టరే కాగితం మీద రాసి, ఆ గీత మీద గుర్తు పెట్టివ్వాలి, మీరు ఇంటర్నెట్ చూసి లెక్కేసుకోవద్దు. ఇన్సులిన్ సిరంజి వాడొద్దు, దాని సూది పొట్టిది, మందు కండ దాకా పోదు, పైగా దాని మీద గీతలు వేరే లెక్కలో ఉంటాయి. కంగారులో ఆంపూల్ మెడ విరవడం, గాలి బుడగ లేకుండా మందు లాగడం ఎంత కష్టమో చేసినదాన్ని నేను చెప్తున్నా, చేతులు వణుకుతాయి. అందుకే దగ్గర్లో ఉన్న నర్సు దగ్గర కూర్చుని మంచినీళ్లతో పది పదిహేను సార్లు చేసి చూడాలి. 2024 ఆగస్టులో అమెరికాలో ముక్కులో కొట్టే అడ్రినలిన్ స్ప్రేకు అనుమతి వచ్చింది, పిల్లల డోసు తర్వాతి ఏడాది వచ్చింది. సూది లేని మందు మన దాకా వస్తే మన పల్లెల తల్లులకు ఎంత ధైర్యమో.

పెన్ను ఉంది కదా అని తిండి విషయంలో వదిలేయకండి, ముఖ్యంగా మన సీమలో. వేరే చోట్ల శెనక్కాయ ఎప్పుడో తినే తిండి, మనకు అది కూరలో పొడి, సంకటిలోకి ఊరుబిండి, చట్నీ, పోపులో గింజలు, బెల్లం ఉండ, అన్నిటికీ మించి నూనె. రిఫైండ్ నూనెలో అలర్జీ చేసే ప్రోటీన్ దాదాపు ఉండదు, కానీ గానుగ నూనెలో ఉంటుంది, ఆరోగ్యానికి మంచిదని ఈ మధ్య అందరూ గానుగ నూనెకే మళ్లుతున్నారు, మీకు మాత్రం అది పనికిరాదు. ఉగ్గాని బండి దగ్గర వాళ్లు ఏ పొడి చల్లారో, అదే చేత్తో, అదే గరిటెతో శెనక్కాయ చట్నీ కలిపారో మనకు కనపడదు. ఇంట్లో అమ్మమ్మ, జేజి ప్రేమతో "ఒక్క గింజకు ఏమవుతుంది" అని పెట్టేది ఇంకో ప్రమాదం, కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుందని ఇంట్లో మాత్రం చేయొద్దు, అది అలర్జీ డాక్టర్ల పర్యవేక్షణలో మాత్రమే చేసే వైద్యం.

బడి విషయం మీరు అడగలేదు, నేనే చెప్తున్నా. మధ్యాహ్న భోజనంలో చిక్కీ ఇస్తారు, అది శెనక్కాయా బెల్లమే. హెడ్ మాస్టరుకూ, క్లాసు టీచరుకూ, వంట చేసే ఆయమ్మకూ ముగ్గురికీ మీరే పోయి ఎదురుగా చెప్పండి, పాప పక్క బెంచీ పిల్లలకు కూడా చెప్పండి, పిల్లలు పెద్దవాళ్లకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు. పెన్నుల డబ్బా తాళం వేసే అల్మైరాలో పెట్టొద్దు, తాళం చెవి టీచరు సెలవు పెట్టిన రోజు ఇంటికి పోతుంది. డబ్బా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో పాప పేరు, ఏది పడదో, నీలం మూత లాగు, నారింజ కొన తొడకు నొక్కు, మూడు లెక్కపెట్టు, పడుకోబెట్టు, 108, అమ్మ ఫోన్ నంబరు, ఇంతవరకు రాసి అతికించండి. ఇంగ్లీషు సూచనల కాగితం ఆ టైములో ఎవరూ చదవరు.

ఇంకొక్క పని ఉంది, ఇది ఈ వారమే చేయండి. మీ దగ్గర గడువు దాటిన పెన్ను లేదు కాబట్టి, మీ మరిదికి ఫోన్ చేసి సూది లేని ట్రైనర్ పెన్ను ఒకటి పంపమనండి, పెన్నులతో పాటే అమెరికాలో అది ఇస్తారు, ఆయన అక్కడే వదిలేసి ఉంటాడు. అది వచ్చేదాకా ఒక లావు మార్కర్ పెన్నుతో మీ ఆయన మీ తొడ మీద, మీరు ఆయన తొడ మీద, ఆఖర్న అత్తగారు కూడా, పిడికిలి, మూత, మధ్య తొడ, మూడు అంకెలు, ఇలా రోజుకొకసారి చేయండి. తర్వాత ఈ పెన్నుల గడువు తీరి కొత్తవి వచ్చిన రోజున పాత వాటిలో ఒకదాన్ని, పిల్లలు పక్కన లేనప్పుడు, ఒక పెద్ద చీనీకాయను బల్ల మీద గట్టిగా పట్టుకుని దానిలోకి పొడిచి చూడండి, మీరు కాదు, మీ ఆయనతో పొడిపించండి, భయపడేది ఆయనే కదా. ఎంత బలం పెట్టాలో, ఆ టక్ అనే శబ్దం ఎలా ఉంటుందో ఆయన చేతికి తెలుస్తుంది. ఆ కాయను ఎవరూ తినకుండా పారేయండి, వాడిన పెన్నును చెత్తబుట్టలో కాకుండా ఆసుపత్రిలో సూదులు వేసే డబ్బాలో వేయమని ఇచ్చేయండి.